ఆటలలో కష్టతరమైన స్థానమేది?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ప్రొద్దుటిపూట పఠన మందిరమునకు వార్తాపత్రిక వచ్చినంతనే పాఠకులలో సగము మంది మొదటి పుటను విడిచి ఆటల పుటను తెరచుట ఏ గ్రంథాలయమునందైనను కానవచ్చు దృశ్యమే. ఆ పుటతోపాటు వాదమును పుట్టును. వికెట్‌కీపరు పని కష్టమని ఒకరు, గోల్‌కీపరు పని కష్టమని మరియొకరు, కబడ్డీలో కూతకు పోవువానికి మించిన సాహసి లేడని వేరొకరు పలుకుదురు. గ్రంథపాలకుడు గంట వాయించువరకు ఆ వాదము తెగదు. ఇది ప్రొద్దు పుచ్చుటకు చేయు వాదమని కొందరు కొట్టివేయుదురు. కాని కొంచెము యోచించినచో దీనియందొక గంభీరమైన విషయము ఇమిడియున్నదని తెలియగలదు.

నిజాంపేట ఒకప్పుడు పొలముల నడుమనున్న పల్లె. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభమైన పిదప ఈ ప్రాంతమంతయు వేగముగా మారిపోయినది. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ కలిసి నగరపాలక సంస్థ అయినవి. పొలములు భవనములైనవి. వెనుకటి పిల్లలు కోత కోసిన మడులలో చెడుగుడు ఆడుకొనిరి. నేటి పిల్లలు నెలకింత అని రుసుము చెల్లించి శిక్షణాలయములకు పోవుచున్నారు. ఆటయే జీవనోపాధి కాగలదను ఆశ తల్లిదండ్రులలో ప్రవేశించినది. ఐ.పి.ఎల్. క్రికెట్టు 2008లోను, ప్రో కబడ్డీ లీగు 2014లోను ఆరంభమైన తరువాత ఆ ఆశకు బలము చేకూరినది. అందుచేత బిడ్డ ఏ ఆట ఆడుచున్నాడని మాత్రమే గాక, ఏ స్థానమున ఆడుచున్నాడని కూడ ఇండ్లలో అడుగుచున్నారు. ఓడి వచ్చిన బిడ్డను ఏమనవలయునో, ఏమనరాదో ఎరుగుటకు ఆ స్థానముయొక్క కష్టమెట్టిదో ఎరుగుట అవసరము.

వడ్లను కుంచముతో కొలుతురు; వస్త్రమును గజముతో కొలుతురు. కుంచము గొప్పదా గజము గొప్పదా అని అడుగుట తగదు. వేరువేరు ఆటలలోని స్థానములను పోల్చునప్పుడును ఒక్క కొలత చాలదు. నాలుగు కొలతలను పెట్టుకొనవచ్చును. మొదటిది, నిర్ణయమునకు దొరకు కాలమెంత? రెండవది, తప్పు జరిగినచో దానిని దిద్దుకొను అవకాశమున్నదా? మూడవది, ఆ పనిని ఎన్ని పర్యాయములు చేయవలయును? నాలుగవది, ప్రక్కన సహాయమునకు ఎవరైన నుందురా?

మొదట ఫుట్‌బాలులోని గోల్‌కీపరును చూతము. అతడు కాపాడవలసిన ద్వారము వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు, అనగా సుమారు 18 చదరపు మీటర్ల ఖాళీ. పెనాల్టీ కొట్టు చోటు అచ్చటికి 11 మీటర్ల దూరమున నుండును. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో తన్నిన బంతి ఆ దూరమును సెకనులో పది పాళ్ళకు నాలుగు పాళ్ళ కాలములో దాటిపోవును. బంతి ఎటు పోవునో చూచి, తరువాత దుముకుటకు ఆ కాలము చాలదు. కనుక తన్నువాని నడుము ఎటు తిరిగినది, నిలుకడ కాలు ఎటు పడినది అని గమనించి ముందే ఊహింపవలయును. ఊహ తప్పినచో అతడొక ప్రక్కను, బంతి వేరొక ప్రక్కను ఉండుట లోకమంతయు చూచును.

ముందు వరుస ఆటగాడు పది అవకాశములలో తొమ్మిదింటిని పోగొట్టి, ఒక్కదానిని గోలు చేసినచో వీరుడగును. గోల్‌కీపరు తొమ్మిదింటిని ఆపి, ఒక్కదానిని విడిచినచో దోషియగును. 1950 జూలై 16వ తేదీన బ్రెజిల్ దేశమందలి మరకానా మైదానములో ఉరుగ్వే జట్టు 2–1 గోళ్ళతో బ్రెజిల్‌ను ఓడించి ప్రపంచ కప్పును గెలుచుకొన్నది. ఆ రెండవ గోలును ఆపలేకపోయిన బార్బోసా ఆ కాలపు ఉత్తమ గోల్‌కీపర్లలో నొకడు. అయినను 2000 సంవత్సరములో కన్నుమూయువరకు ఆ నిందను అతడు మోయవలసి వచ్చినది. ఆనాడు మైదానమున బ్రెజిల్ ఆటగాండ్రు పదకొండుగురు ఉండిరి. నింద మాత్రము ప్రధానముగా ఒక్కని తలపైననే పడినది.

ఈ స్థానమునకు వన్నె తెచ్చినవారు హైదరాబాదునకు పరాయివారు కారు. పీటర్ తంగరాజు 1935లో హైదరాబాదులో జన్మించెను. మొదట అతడు గోల్‌కీపరు కాడు. ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డుగా ఆడినవాడు. సైన్యమున చేరిన పిమ్మట మద్రాసు రెజిమెంటులో గోలుకడకు చేరెను. 1956 మెల్‌బోర్న్, 1960 రోము ఒలింపిక్ క్రీడలలో దేశము పక్షమున నిలిచెను. 1967లో అర్జున పురస్కారమును పొందెను. గోళ్ళు వేయువాని మనస్సెట్లు పనిచేయునో తెలిసినవాడగుట అతనికి తోడ్పడియుండునని తలచుట అసంగతము కాదు.

ఇటీవలి కాలములో 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫతోర్దాలో జరిగిన ఐ.ఎస్.ఎల్. తుది పోటీలో హైదరాబాదు, కేరళ జట్లు 1–1తో సమముగా నిలువగా విజయము పెనాల్టీలపై ఆధారపడినది. హైదరాబాదు గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు తన్నులను ఆపివేసి 3–1తో జట్టును గెలిపించెను. గోల్‌కీపరునకు జేజేలు దక్కు దినములు కొన్ని యుండును. అవి అరుదు.

మరియొక బాధ యున్నది. జట్టులో గోల్‌కీపరు చోటు ఒక్కటే. ముందు వరుసలో ఒకనికి చోటు లేకున్నచో ప్రక్క చోటు దొరకవచ్చును. రెండవ గోల్‌కీపరునకు బల్లయే గతి. పూర్వపు చిత్తూరు జిల్లాకు చెందిన ఏటిమరపు రజని భారత మహిళా హాకీ జట్టునకు గోల్‌కీపరుగా ఎదిగినది. సవితా పునియా ప్రధాన గోల్‌కీపరుగా నున్న ఏండ్లలో ఆమె రెండవ స్థానమున నుండి సాధన మానక వేచినది. ఆడుచు శ్రమించుట ఒక కష్టము. ఏనాడు పిలుపు వచ్చునో తెలియక నిత్యము సిద్ధముగా నుండుట వేరొక కష్టము.

ఇక క్రికెట్టులోని వికెట్‌కీపరు. టెస్టు మ్యాచిలో దినమునకు 90 ఓవర్లు వేయవలయునని నియమము. అనగా 540 బంతులు. దినమంతయు తన జట్టు బౌలింగు చేసినచో అతడు 540 పర్యాయములు గొంతుక్కూర్చుండి లేవవలయును. నాట్లు వేయు కూలివాని నడుమునకే ఆ శ్రమ తెలియును. అందులో బ్యాటునకు తగిలి చేతికి వచ్చు బంతులు నాలుగైదు మించకపోవచ్చును. ఏ బంతి వచ్చునో ముందు తెలియదు గనుక 540 బంతులకును ఒకే ఏకాగ్రత కావలయును.

స్పిన్ బౌలరు వేయునప్పుడు అతడు వికెట్లను ఆనుకొని నిలుచును. బంతి నేలను తాకిన పిదప అతని చేతులకు చేరుటకు సుమారు సెకనులో నాలుగవ వంతు మాత్రమే పట్టును. ఆ కొద్ది వ్యవధిలో బంతి ఎటు తిరుగునో, ఎంత లేచునో పసిగట్టవలయును. నడుమ బ్యాట్స్‌మన్ శరీరము, బ్యాటు అడ్డముగా నుండును. బ్యాట్స్‌మన్ చూచిన బంతిని వికెట్‌కీపరు ఒక్కొక్కప్పుడు చూడలేడు. శరీరమునకు ముప్పును గలదు. దక్షిణాఫ్రికా వికెట్‌కీపరు మార్క్ బౌచరు 2012 జూలైలో ఇంగ్లండులోని టాంటన్‌లో ఆడుచుండగా స్పిన్ బంతికి ఎగిరిన బెయిలు అతని కంటికి తగిలి, ఆ గాయముతో అతని ఆట ముగిసిపోయినది. కర్రముక్క చిన్నది, పోయినది జీవనోపాధి.

1971లో భారత జట్టు వెస్టిండీసును వారి గడ్డపై మొదటిసారిగా ఓడించి సిరీసును గెలుచుకొన్నది. సునీల్ గవాస్కరు, దిలీప్ సర్దేశాయిల పరుగులను అందరును జ్ఞప్తియందుంచుకొనిరి. ఆ ఐదు టెస్టులలోను బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్ వంటి స్పిన్ బౌలర్ల బంతులను వికెట్ల వెనుక పట్టిన పి. కృష్ణమూర్తి హైదరాబాదు ఆటగాడు. అతని టెస్టు జీవితమంతయు ఆ ఐదు మ్యాచులే. అతని పేరు ఎరిగినవారు నేడు కొలదిమంది.

2021 నవంబరులో కాన్పూరు టెస్టునందు వృద్ధిమాన్ సాహా మెడ పట్టివేయగా విశాఖపట్టణపు కె.ఎస్. భరత్ అతనికి బదులుగా వికెట్ల వెనుక నిలిచెను. రెండు క్యాచులు పట్టెను. ఒక స్టంపింగు చేసెను. బదులు ఆటగాడగుటచేత ఆ మ్యాచి అతని టెస్టుల లెక్కలోనికి రాలేదు. 2023 ఫిబ్రవరిలో నాగపూరులో గాని అతడు మొదటి టెస్టు ఆడలేదు. పని చేసినను లెక్కకు రాకుండుట లోకములో చాలమందికి అనుభవమైనదే గదా!

కబడ్డీ మన నేల ఆట. పల్లెలలో చెడుగుడు అనియు, బడులలో కబడ్డీ అనియు పిలుతురు. కూతకు పోవువానికి 30 సెకండ్ల గడువు. ఎదుట ఏడుగురు. తన జట్టువారు ఆరుగురును గీతకు ఇవతల నిలిచి చూచుట తప్ప చేయి అందింపజాలరు. మధ్యగీత నుండి 3.75 మీటర్ల దూరమునగల బాకు గీతను దాటవలయును, లేదా ఎదుటివానిని తాకవలయును. కూత ఆగరాదు, శ్వాస చెదరరాదు. అందరు ఆటగాండ్రలోను ఇంత ఒంటరివాడు లేడు. అయినను ఇతనికొక వెసులుబాటున్నది. ఎవరిని తాకకున్నను బాకు గీతను దాటి తిరిగివచ్చినచో నష్టము లేదు. వరుసగా రెండు కూతలు వట్టిపోయిన పిమ్మట మూడవ కూతకు మాత్రము చావో రేవో తేలవలయును.

పట్టువారి సంగతి వేరు. మూలనున్న వాడు ముందడుగు వేయుటలో రెప్పపాటు తొందరపడినను, రెప్పపాటు ఆలసించినను ఎదుటివారికి పాయింటు పోవును. తానును బయటికి పోవును. పైగా ఒక్కని తొందర వలన చేయి పట్టుకొన్న పక్కవాడును చిక్కుకొనును. కూతకు పోవువానికి కావలసినది తెగువ. పట్టువానికి కావలసినది ఓర్పు. తెగువకు చప్పట్లు త్వరగా దొరకును. 2023లో జరిగిన వేలములో కూతగాడైన పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటన్స్ జట్టు 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తీసికొన్నది. ఆ ధర అతని ప్రతిభకు కొలత కావచ్చును, ప్రేక్షకుల ప్రీతికి కొలత కావచ్చును; కష్టమునకు కొలత కాదు. సంతలో ఎద్దు ధరను చూచి నాగలి బరువు చెప్పలేము గదా!

పల్లెటూళ్ళలో చిరకాలముగా పాతుకొన్న మరియొక ఆట వాలీబాలు. జట్టు బంతిని మూడు పర్యాయములు తాకవచ్చును. మూడవది వల దాటింపవలయును. నడుమనున్న రెండవ తాకిడి సాధారణముగా సెట్టరుది. మొదటి బంతి బాగుగా వచ్చినను, వంకరగా వచ్చినను అతడే పరుగెత్తి అందుకొనవలయును. ఎదుటి అడ్డుగోడ ఎచ్చట పలుచగా నున్నదో చూచి, తనవారిలో ఎవరు సిద్ధముగా నున్నారో ఎరిగి, 2.43 మీటర్ల వలకు పైన సరియైన ఎత్తునకు బంతిని లేపవలయును. తరువాత ఎగిరి కొట్టినవానికి జయధ్వానములు. బంతి వలకు తగిలినచో “సెట్టు బాగుగా లేదు” అను మాట. 1986లో సియోలు ఆసియా క్రీడలలో భారత వాలీబాలు జట్టు కాంస్యమును గెలిచినది. అందొకడు హైదరాబాదులో స్థిరపడిన పి.వి. రమణ. అతని కుమార్తెయే పి.వి. సింధు.

సింధు పేరు వచ్చినది గనుక బ్యాడ్మింటనును విడువరాదు. సింగిల్సు ఆటలో స్థానములే లేవు. తనవైపు 6.7 మీటర్ల పొడవు, 5.18 మీటర్ల వెడల్పుగల చోటులో ముందు వరుసయు తానే, వెనుక కావలియు తానే. 2001లో ఆల్ ఇంగ్లండు పోటీని గెలిచిన పుల్లెల గోపీచంద్ గచ్చిబౌలిలో నెలకొల్పిన శిక్షణాలయమున సింధు తీర్చిదిద్దబడినది. 2016 రియో ఒలింపిక్సులో రజతమును, 2019లో ప్రపంచ విజేత పదవిని, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో కాంస్యమును సాధించినది. ఒంటరి ఆటలో తప్పునకు పంచుకొనువారు లేరు. అట్లే తనది కాని తప్పునకు నింద మోయవలసిన పనియు లేదు. జట్టు ఆటలోని కష్టమునకును ఒంటరి ఆటలోని కష్టమునకును భేదమిదియే.

ఇప్పుడు పైని కొలతలతో చూచినచో లెక్క ఇట్లు తేలును. కాలము తక్కువగా నుండుటలో స్పిన్ బౌలరునకు వికెట్ల కడ నిలిచిన కీపరు ముందుండును. తప్పు దిద్దుకొను అవకాశము లేకుండుటలో ఫుట్‌బాలు గోల్‌కీపరు ముందుండును. పని పర్యాయముల సంఖ్యలో మరల వికెట్‌కీపరే. సహాయము లేకుండుటలో కబడ్డీ కూతగాడు. ఈ నాలుగు కొలతలకును అందనిది సెట్టరు పని; అది ఇతరుల విజయమునకు బాట వేయు పని. చేయుటకు కష్టమైనది వికెట్‌కీపరు స్థానము, భరించుటకు కష్టమైనది గోల్‌కీపరు స్థానము, గుర్తింపు పొందుటకు కష్టమైనది సెట్టరు స్థానము అని తీర్పు చెప్పినచో అన్యాయము కాదు.

అయితే స్థానము పుట్టుకతో వచ్చునది కాదు. ఇందుకు హైదరాబాదు గురువు సయ్యద్ అబ్దుల్ రహీం సాక్షి. అతడు వృత్తిచేత ఉపాధ్యాయుడు. అతని శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పును గెలుచుకొన్నది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో భారత జట్టు రక్షకుడైన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి. వెనుక వరుసలో అతనిని ఆడించుట కష్టము, కూర్చుండబెట్టుట నష్టము. రహీం అతనిని ముందు వరుసకు పంపెను. సెప్టెంబరు 4వ తేదీన దక్షిణ కొరియాతో జరిగిన తుది పోటీలో పి.కె. బెనర్జీ ఒక గోలును, ఆ జర్నైల్ సింగు రెండవ గోలును వేసిరి. గోలుకడ తంగరాజు నిలిచెను. సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడకు చెందిన తులసీదాసు బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ముందు వరుసలో ఆడిరి. భారత జట్టు 2–1తో స్వర్ణమును గెలుచుకొన్నది. మరుసటి సంవత్సరము 1963 జూన్ 11వ తేదీన రహీం క్యాన్సరు వ్యాధిచే మరణించెను.

రక్షకుడు ముందు వరుసకు పోయి గోలు వేసెను. సెంటర్ ఫార్వర్డుగా మొదలైనవాడు గోల్‌కీపరై పేరు పొందెను. కనుక పదేండ్ల బిడ్డను ఒక చోట నిలిపి “నీ బ్రతుకంతయు ఇంతే” అని అనుట తగదు. అన్ని చోట్లను ఆడనిచ్చిన పిమ్మట బిడ్డకు తగిన చోటును బిడ్డయే కనుగొనగలడు.

ఇంకొక దురాచారము వీధి ఆటలలో కలదు. పరుగెత్తలేనివానిని, లావుగా నున్నవానిని, అందరికంటె చిన్నవానిని గోలుకడ నిలుపుదురు. అన్నిటికంటె భరించుటకు కష్టమైన స్థానమును, భరింపజాలని వానికి శిక్షవలె ఇత్తురు. గోలు పడినచో వానినే తిట్టుదురు. బంతి గోలుకడకు చేరులోపల పదిమందిని దాటి వచ్చినదను సంగతి ఎవరికిని తోచదు. ఇంటికి వచ్చిన బిడ్డను తండ్రి “ఎన్ని గోళ్ళు విడిచితివి?” అని అడుగుటకు మారుగా “ఎన్ని ఆపితివి?” అని అడిగినచో ఆ బిడ్డ మరునాడు మైదానమునకు ఉత్సాహముతో పోవును. ఈ ప్రశ్నకు ఖర్చు లేదు. దీని ఫలము మాత్రము పెద్దది.

మైదానమును గూర్చియు ఒక మాట. 2002లో జాతీయ క్రీడల కొరకు గచ్చిబౌలిలో పెద్ద క్రీడాప్రాంగణమును నిర్మించిరి. అది విజేతలు ఆడు చోటు. విజేతలు తయారగు చోటు వీధి చివరనున్న ఖాళీ స్థలము. భవనముల నడుమ అట్టి స్థలమును ఒక్కటైనను మిగుల్చుకొనుట ఊరి పెద్దల కర్తవ్యము. స్థలమే లేనిచో స్థానములను గూర్చి వాదించుట వ్యర్థము.

తుదకు, గ్రంథాలయమును ఆట మైదానము వంటిదే. ఉపన్యాసకులు, రచయితలు, దాతలు ముందు వరుసలోని వారు. వారి పేర్లు ఈ సంచికలో అచ్చగును. ప్రతిదినము వేళకు తలుపు తెరచి, చిరిగిన పుస్తకమునకు అట్ట వేసి, తిరిగి రాని పుస్తకమునకై పాఠకుని ఇంటికి నడచినవాడు గోలుకడ నిలిచినవాడు. అతడు సరిగా పనిచేసినంత కాలము అతనిని ఎవరును గమనింపరు. ఒక్కదినము తలుపు తెరువకున్నచో ఊరంతయు అడుగును. ఇరువదియైదేండ్లు అట్టివారు నిలిచినందుననే ఈ రజతోత్సవము సాధ్యమైనది. వారికి నమస్కరించుట సభాసదుల విధి.

స్వస్తి.